పాత నంబరు, కొత్త నంబరు

చెన్నైలో ఎవరి ఇంటికైనా దారి అడిగితే చాలాసార్లు రెండు డోర్ నంబర్లు చెబుతారు. గేటు పక్కన పలక మీద 'కొత్త నెం. 14, పాత నెం. 37' అన్నట్టు రాసి ఉంటుంది. కార్పొరేషన్ వాళ్లు వీధులకు కొత్త వరుస వేశారు గానీ, పాత నంబర్లు దస్తావేజుల్లోంచీ ఇరుగుపొరుగు నోళ్లలోంచీ పోలేదు. రెండూ ఒకే గడపవి. కొత్తగా చేరిన కొరియర్ కుర్రాడికి ఆ సంగతి తెలియకపోతే, పాత 14 ముందు బండి ఆపి వేరేవాళ్ల కాలింగ్ బెల్ నొక్కుతాడు.

ఇంటర్నెట్‌లో యంత్రాలకు కూడా ఇప్పుడు పాత వరుసలో ఒక నంబరు, కొత్త వరుసలో ఒక నంబరు నడుస్తున్నాయి. పాత వరుస పేరు ఐపీవీ4, కొత్తది ఐపీవీ6. వెబ్‌సైటు చూసేవాళ్లకు ఏ నంబరుతో పని జరిగిందో పట్టదు. ఈమెయిల్‌లో మాత్రం అలా కుదరదు. 'ఈ ఉత్తరం నిజంగా వాళ్లు పంపిందేనా' అన్న తీర్పును అక్కడ చాలాసార్లు అవతలి యంత్రం నంబరు చూసి చెబుతారు. నంబరును ఒకరు ఒక తీరుగా రాసి, మరొకరు మరో తీరుగా చదివితే అసలు మనిషి దొంగ అవుతాడు. అరుదుగానైనా దొంగ అసలు మనిషైపోతాడు, అది ఇంకా ప్రమాదం.

మొదట్లో ఈ తీర్పుల గొడవే లేదు. సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునే ఎస్ఎమ్‌టీపీ పద్ధతిని జోనథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 821 అనే పత్రంగా రాశాడు. పంపేవాడు తన పేరు ఏది చెబితే అదే పేరు అన్నట్టు సాగుతుంది ఆ పత్రం. అప్పటి లోకం అలాంటిది. మన దేశంలో 1986లో ఎర్నెట్ మొదలైనప్పుడు అందులో ఉన్నవి ఎనిమిదే సంస్థలు: ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఎన్‌సీఎస్‌టీ, కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ. గిండీ అడవిని ఆనుకుని ఉన్న ఐఐటీ మద్రాసు ఆ ఐదింట్లో ఒకటి. అంత చిన్న ఊళ్లో దొంగపేరుతో ఉత్తరం రాసేవాడెవడు? 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మద్రాసుతో సహా మహానగరాల్లో ఇంటర్నెట్‌ను మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. జనంతో పాటే దొంగపేర్లూ వచ్చాయి.

దానికి వచ్చిన విరుగుళ్లలో అందరికంటే సులువుగా అర్థమయ్యేది ఎస్పీఎఫ్. డొమైన్ ఉన్న ప్రతివారూ తమ పేరు మీద ఉత్తరాలు పంపడానికి ఏయే యంత్రాలకు అనుమతి ఉందో, వాటి ఐపీ నంబర్లతో ఒక జాబితా రాసి, ఇంటర్నెట్ పేర్లకు నంబర్లు చెప్పే డీఎన్ఎస్‌లో అందరికీ కనిపించేలా పెడతారు. ఉత్తరం అందుకునే సర్వర్ ఆ జాబితా తెచ్చుకుని, తన తలుపు తట్టిన యంత్రం నంబరు అందులో ఉందో లేదో చూస్తుంది. అంతే. మెంగ్ వెంగ్ వాంగ్, వేన్ ష్లిట్ కలిసి రాసిన పాఠం 2006 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 4408గా వచ్చింది. స్కాట్ కిటర్‌మన్ దాన్ని దిద్ది తిరగరాసిన ఆర్ఎఫ్‌సీ 7208 ఇప్పుడు అమల్లో ఉంది, అది 2014 ఏప్రిల్ నాటిది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎస్పీఎఫ్ చూసేది మన ఫోన్ నంబరునో, ఇంట్లో వైఫై నంబరునో కాదు. మనం మెయిల్ రాసి పాస్‌వర్డ్‌తో మన సర్వర్‌కు అప్పజెబుతాం. ఆ సర్వర్ వెళ్లి అవతలి సర్వర్ తలుపు తడుతుంది. చివర తలుపు తట్టిన ఆ ఒక్క యంత్రం నంబరే లెక్కలోకి వస్తుంది. పేరు సంగతి కూడా అంతే: మనకు తెర మీద కనిపించే 'ఫ్రమ్' పేరును ఎస్పీఎఫ్ పట్టించుకోదు, కవరు మీద ఉండే పేరును చూస్తుంది. ఈ రెండు పేర్లూ పొసగాలని పట్టుబట్టేది డీమార్క్ అనే మరో పద్ధతి, దాని ఆర్ఎఫ్‌సీ 2015లో వచ్చింది.

చెన్నైకి ఈ కథలో ప్రత్యేకమైన చోటుంది. జీఎస్‌టీ రోడ్డు మీద గూడువాంచేరి దగ్గర కార్యాలయమున్న జోహో 2008 నుంచి మెయిల్ సేవ నడుపుతోంది. ఇలాంటి సేవ వాడుకునే కంపెనీ సొంత డొమైన్ పేరుతోనే ఉత్తరం పంపుతుంది, కానీ తలుపు తట్టే యంత్రం మెయిల్ సేవ వాళ్లది. సుమారు 12 లక్షల మంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ జోహో వేదిక మీదికి మారిందని 2025 అక్టోబరులో వార్తలొచ్చాయి. చిరునామాలు మాత్రం ఎప్పటిలా ప్రభుత్వ డొమైన్లవే. పేరొకరిది, యంత్రమొకరిది అయినప్పుడు ఆ రెంటినీ కలిపే బంధం ఎస్పీఎఫ్ జాబితాలో 'ఇంక్లూడ్' అనే ఒక్క మాట: 'వీళ్ల జాబితాలో ఉన్నవాళ్లందరూ నా మనుషులే' అని దాని అర్థం. కంపెనీ జాబితాలో ఒక్క నంబరూ ఉండకపోవచ్చు, నంబర్లన్నీ సేవ నడిపేవాళ్ల జాబితాలో ఉంటాయి. వాళ్లు అక్కడ కొత్త వరుస నంబర్లు చేరిస్తే వాడుకదారులందరికీ ఒక్కసారే చేరినట్టు. మరచిపోతే అందరికీ ఒక్కసారే దెబ్బ.

ఇక నంబర్ల సంగతి. ఐపీవీ4 నంబరు 32 బిట్లు, మొత్తం మీద 429 కోట్ల చిల్లర. ప్రపంచ నిల్వలో చివరి భాగాలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి రేషన్ మొదలైంది అదే ఏడు ఏప్రిల్ 15న, ప్రపంచంలో అందరికంటే ముందు. అంతకు ముందటి ఏడాదే, 2010 జూలైలో, మన టెలికాం శాఖ ఐపీవీ6కు మారే జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అది చాలాకాలం కాగితం మీదే నడిచింది. 2016లో జియో వచ్చి, ఫోన్లన్నిటికీ మొదటి రోజు నుంచే కొత్త వరుస నంబర్లిచ్చాక దేశం తీరే మారిపోయింది. ఇప్పుడు ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలో ముందువరుసలో ఉన్న దేశాల్లో మనదొకటి.

కానీ మెయిల్ సర్వర్లు ఫోన్లంత తొందరపడలేదు. ఫోను నుంచి సర్వర్ దాకా కొత్త వరుసలో వెళ్లిన ఉత్తరం, సర్వర్ నుంచి సర్వర్‌కు పాత వరుసలో ప్రయాణించడం ఇప్పటికీ మామూలే. మెయిల్ నడిపేవాళ్లు సహజంగానే మార్పంటే భయపడే జాతి. వాళ్ల పాత నంబరుకు ఏళ్ల తరబడి సంపాదించిన మంచిపేరు ఉంటుంది. కొత్త నంబరుకు ఆ పేరు సున్నా నుంచి సంపాదించుకోవాలి.

అసలు చిక్కు రెండు వరుసలు ఉండటంలో కంటే, ఒకే నంబరును రకరకాలుగా రాయగలగడంలో ఎక్కువ ఉంది. గూగుల్ వారి డీఎన్ఎస్ సర్వర్ నంబరు 8.8.8.8 తీసుకుందాం. నాలుగు ముక్కలుగా రాయడం మనకు అలవాటు. యంత్రానికి మాత్రం అది ఒకే ఒక సంఖ్య, 13,47,44,072. యూనిక్స్ కాలం నుంచి వస్తున్న పాత ప్రోగ్రాములు ఆ సంఖ్యను అలాగే ఇచ్చినా ఒప్పుకుంటాయి. 8.526344 అని రెండు ముక్కలుగా ఇచ్చినా, 8.8.2056 అని మూడు ముక్కలుగా ఇచ్చినా వాటికి 8.8.8.8 కిందే లెక్క. అక్కడితో ఆగితే నవ్వుకుని వదిలేయవచ్చు. 010.010.010.010 అని రాస్తే? ముందు సున్నా ఉంటే అష్టాంశ సంఖ్య అన్నది ఆ ప్రోగ్రాముల సంప్రదాయం. ఎనిమిదిని అష్టాంశంలో 10 అని రాస్తారు కాబట్టి ఇదీ 8.8.8.8 అవుతుంది. సున్నాను అలంకారంగా భావించి దులిపేసే మరో ప్రోగ్రాముకు ఇదే 10.10.10.10గా కనిపిస్తుంది. అది బయటి ప్రపంచంలో చెల్లని, ఆఫీసుల లోపల మాత్రమే వాడే ప్రైవేటు నంబరు. ఒకే అక్షరాల వరుస ఒకరికి గూగుల్, ఇంకొకరికి పక్క గదిలోని ప్రింటర్.

ఇదేదో పండితుల వినోదం అనుకోవద్దు. 2021లో నెట్‌మాస్క్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో ఈ లోపమే బయటపడింది. వెనువెంటనే పైథాన్ భాషలోని ఐపీ అడ్రసుల విభాగంలోనూ దాని తోబుట్టువు దొరికింది. ముందు సున్నాలున్న నంబర్లను ఒప్పుకోకుండా 3.9.5 వెర్షన్‌లో సరిదిద్దారు. ఎస్పీఎఫ్ రాసినవాళ్లు ఈ విషయంలో ముందుచూపు చూపారు. జాబితాలో రాసే పాత వరుస నంబరుకు సరిగ్గా నాలుగు ముక్కలుండాలి, ఏ ముక్కకూ ముందు సున్నా ఉండకూడదు అని వాళ్ల వ్యాకరణం. తప్పితే జాబితా మొత్తం శాశ్వత దోషం కింద పోతుంది. కఠినంగా అనిపిస్తుంది గానీ, రెండర్థాలిచ్చే నంబరును నమ్మడం కంటే జాబితానే తోసిపుచ్చడం మేలు.

కొత్త వరుసలో వేషాలు ఇంకా ఎక్కువ. ఐపీవీ6 నంబరు 128 బిట్లు. పదహారు అంకెల లెక్కలో నాలుగేసి చొప్పున ఎనిమిది గుంపులుగా, మధ్యలో కోలన్లతో రాస్తారు. గూగుల్ వారి అదే సర్వర్‌కు కొత్త నంబరు 2001:4860:4860:0000:0000:0000:0000:8888. ఇంత రాయలేక రెండు సడలింపులు ఇచ్చారు: గుంపు ముందున్న సున్నాలు వదిలేయవచ్చు, వరుసగా వచ్చే సున్నా గుంపులను ఒక్కచోట జంట కోలన్‌తో మింగేయవచ్చు. కాబట్టి 2001:4860:4860:0:0:0:0:8888 సరైనదే, 2001:4860:4860::8888 కూడా సరైనదే, 2001:4860:4860::0:8888 అన్నా తప్పు లేదు. తొమ్మిది దాటాక వచ్చే అంకెలకు అక్షరాలు వాడతారు కనుక, పెద్దబడి చిన్నబడి భేదాలు కూడా తోడవుతాయి. ఈ గందరగోళం చూసి జపాన్‌కు చెందిన సెయిచి కవమురా, మసనోబు కవషిమా 2010 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 5952 రాశారు. రాసేటప్పుడు ఒకే తీరు పాటించండి, చదివేటప్పుడు అన్ని తీరులూ ఒప్పుకోండి అని దాని సారం. అంటే చదివే ప్రోగ్రాముకు బరువు తగ్గలేదు. రెండు నంబర్లు ఒకటేనా అని అక్షరాలు పోల్చి తేల్చే ప్రోగ్రాము ఇప్పటికీ తప్పే. ముందు రెంటినీ 128 బిట్ల సంఖ్యగా మార్చి, అప్పుడు పోల్చాలి.

వీటన్నిటి కంటే మాయగాడు మరొకడున్నాడు: కొత్త వరుస చొక్కా తొడుక్కున్న పాత నంబరు. లినక్స్ లాంటి వ్యవస్థల్లో సర్వర్ ఒకే కొత్త తరహా తలుపు తెరిచి, రెండు వరుసలవాళ్లనూ దాని గుండానే రానివ్వగలదు. అప్పుడు పాత వరుసలో వచ్చినవాణ్ని వ్యవస్థ ఇలా చూపిస్తుంది: ముందు 80 సున్నా బిట్లు, తరువాత 16 ఒకటి బిట్లు, ఆ వెనుక అసలైన 32 బిట్ల పాత నంబరు. చూడటానికి నిండుగా 128 బిట్లు. ఎస్పీఎఫ్ సరిచూసే ప్రోగ్రాము దీన్ని కొత్త నంబరనుకుంటే జాబితాలో 'ఐపీ6' అని రాసున్న పద్దుల్లోనే వెతుకుతుంది. అసలు పద్దు 'ఐపీ4' కింద ఉంటుంది కాబట్టి దొరకదు. సిసలైన బ్యాంకు ఉత్తరం స్పామ్‌లో పడుతుంది. ఆర్ఎఫ్‌సీ 7208 ఈ సంగతిని పేరుపెట్టి చెబుతుంది: ఇలా మారువేషంలో వచ్చినవాళ్ల కోసం కొత్త వరుస సర్వర్లు రెండు రకాల రికార్డులనూ చూడగలగాలి, పాత నంబరును మాత్రం ఎప్పుడూ 'ఐపీ4' కిందే రాయాలి. అంటే చొక్కా విప్పించి చూడాల్సిన బాధ్యత తలుపు దగ్గరున్నవాడిదే.

దీనికి పద్ధతైన మందు ఎప్పుడో దొరికింది. నెట్‌వర్క్ పరికరాల బాగోగులు చూసే రంగంలో 2005 ఫిబ్రవరి నాటి ఆర్ఎఫ్‌సీ 4001 ఉంది. నంబరును ఒంటరిగా ఎప్పుడూ పెట్టవద్దు, అది ఏ రకమో చెప్పే గుర్తుతో జంటగా పెట్టమంటుంది అది. 1 అంటే పాత వరుస, 2 అంటే కొత్త వరుస. రకం తెలియని నంబరు నంబరే కాదన్నమాట. జోహో కూడా 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైంది ఆ నెట్‌వర్క్ పరికరాల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తోనే. మెయిల్ వైపు ప్రోగ్రాములు రాసేవాళ్లు ఆ పక్కింటి వంటకాన్ని కాస్త రుచి చూసి ఉంటే ఎన్నో తిప్పలు తప్పేవని నా అభిప్రాయం.

ఇదంతా ప్రోగ్రాములు రాసేవాళ్ల గోల అనిపిస్తే, ఇంకాస్త దగ్గరికి వద్దాం. టీ.నగర్‌లో ఒక తెలుగు సంఘం ఉందనుకుందాం. ఉగాది కార్యక్రమానికి వందల ఆహ్వానాలు పంపుతుంది. సాంకేతిక వ్యవహారాలు చూసే కుర్రాడు నెలవారీ అద్దెకు ఒక సర్వర్ తీసుకుని, దాని పాత నంబరును ఎస్పీఎఫ్‌లో రాసి, ఏడాది పాటు హాయిగా నడిపాడు. అద్దెకిచ్చిన కంపెనీ ఒకరోజు అన్ని సర్వర్లకూ కొత్త నంబర్లు కూడా ఉచితంగా ఇచ్చింది. ఎవరూ ఏమీ మార్చలేదు. ఆ వారం నుంచి 'మాకు ఆహ్వానం రాలేదండీ' అని ఫోన్లు. విచిత్రమేమిటంటే అదే జీమెయిల్‌కు ఉదయం వెళ్లింది, సాయంత్రం వెళ్లలేదు.

జరిగింది ఇది. జీమెయిల్ రెండు వరుసల్లోనూ ఉత్తరాలు అందుకుంటుంది. చాలా సర్వర్లలో ఉండే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాము, రెండు దారులూ ఉన్నప్పుడు ఏదో ఒకటి యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది, అది దాని సహజ అమరిక. పాత దారిన వెళ్లినవి జాబితాలో ఉన్నాయి, చేరాయి. కొత్త దారిన వెళ్లినవి జాబితాలో లేవు. పైగా కొత్త దారిన వచ్చేవాళ్ల విషయంలో జీమెయిల్ మరీ పట్టుదలగా ఉంటుంది. నంబరు నుంచి పేరుకు దారి చూపే పీటీఆర్ రికార్డు లేకపోయినా, ధ్రువీకరణ కుదరకపోయినా 550 సంఖ్యతో బౌన్స్ కొడుతుంది. ఆ బౌన్స్ సందేశంలో 'ఐపీవీ6 మార్గదర్శకాలు' అన్న మాట స్పష్టంగానే ఉంటుంది, చదివే ఓపిక ఉండాలి.

ఆ పట్టుదలకు కారణం ఉంది. పాత వరుసలో స్పామర్‌కు నంబర్లు ఖరీదు, ఒక్కొక్కటే పట్టుకుని నల్లజాబితాలో వేయవచ్చు. కొత్త వరుసలో ఒక మామూలు చందాదారుకు దక్కే అతి చిన్న భాగంలోనే రెండును అరవై నాలుగు సార్లు హెచ్చించినన్ని నంబర్లు, అంటే సుమారు 1,84,467 కోట్ల కోట్లు, ఉంటాయి. ఉత్తరానికో నంబరు మార్చినా జీవితకాలంలో తరగవు. అందుకే స్పామ్‌హౌస్ లాంటి నల్లజాబితాల వాళ్లు కొత్త వరుసలో నంబర్లను విడివిడిగా కాక, అలాంటి భాగానికి భాగంగా లెక్కిస్తారు. ఈ కొలత తేడా తెలియకే ఎస్పీఎఫ్ రాసేటప్పుడు ఒక ఘోరం జరుగుతుంది. పాత వరుసలో నంబరు పక్కన ఏటవాలు గీతతో 32 అని పెడితే 'కచ్చితంగా ఈ ఒక్క నంబరే' అని అర్థం. అలవాటు కొద్దీ కొత్త నంబరు పక్కన కూడా 32 పెడితే? కొత్త వరుసలో ఒక్క నంబరంటే 128. 32 అంటే ఒక ఇంటర్నెట్ కంపెనీకి మొత్తంగా కేటాయించేంత విస్తీర్ణం. ఆ కంపెనీ ఖాతాదారులందరికీ మన పేరుతో ఉత్తరాలు రాసే హక్కు మనమే రాసిచ్చినట్టు. నంబరుకు బదులు సర్వర్ పేరు రాసేవాళ్లకు రెండు కొలతలూ ఒకేచోట ఇచ్చే వీలుంది: పాతదానికి ఒక గీత, కొత్తదానికి జంట గీతలు, /24//64 అన్నట్టు. జంట గీత మరచి /64 అని మాత్రమే రాస్తే అది పాత వరుస కొలతగా చదవబడి, 32 దాటింది కాబట్టి జాబితా చెల్లకుండా పోతుంది.

సర్వర్ పేరు రాయడంలో సుఖముంది. సర్వర్‌కు కొత్త నంబరు వచ్చి, దాన్ని డీఎన్ఎస్‌లో చేర్చగానే ఎస్పీఎఫ్ దానంతటదే సర్దుకుంటుంది. వచ్చినవాడు పాత వరుసవాడైతే 'ఏ' రికార్డు, కొత్త వరుసవాడైతే 'నాలుగు ఏ' రికార్డు అడుగుతారు, ఎప్పుడూ ఏదో ఒకటే. అయితే ఈ సుఖంలో ఒక ముల్లుంది. సరిచూసేవాళ్లు ఇలాంటి విచారణలు పదికి మించి చేయరు. వాటిలో ఖాళీ చేతులతో తిరిగివచ్చేవి రెండు దాటితే విసిగి శాశ్వత దోషమనేస్తారు. జాబితాలో నాలుగు సర్వర్ల పేర్లున్నాయి, మొదటి మూడింటికి పాత నంబర్లే ఉన్నాయి, నాలుగోదానికి రెండూ ఉన్నాయి అనుకోండి. నాలుగో సర్వర్ పాత దారిన వెళ్తే పాసవుతుంది. కొత్త దారిన వెళ్తే మొదటి మూడు పేర్ల దగ్గరే మూడు ఖాళీ జవాబులు వచ్చి, తన పేరు దాకా విచారణే రాదు. అదే సర్వర్, అదే జాబితా, అదే నిమిషం. దీన్ని కనిపెట్టడానికి జుట్టు పీక్కున్న నిర్వాహకులు ఎందరో ఉంటారు.

ఎస్పీఎఫ్‌లో మాక్రోలని మరో వసతి ఉంది. వచ్చినవాడి నంబరును పేరులో ఇమిడ్చి, డీఎన్ఎస్‌ను అడగవచ్చు. పాత నంబరుకు అప్పటికే చుక్కలుంటాయి. కొత్తదాన్ని ఒక్కో అంకెగా విడగొట్టి ముప్పై రెండు ముక్కల మధ్య చుక్కలు పెడతారు. గూగుల్ నంబరైతే 2.0.0.1.4.8.6.0 అంటూ మొదలై, సున్నాల ఎడారి దాటి, 8.8.8.8తో ముగుస్తుంది. జంట కోలన్ల కుదింపు ఇక్కడ చెల్లదు, ప్రతి సున్నా రాయాల్సిందే. ఈ భాగానికే 63 అక్షరాలు ఖర్చవుతాయి. డొమైన్ పేరు మొత్తం 253 అక్షరాలు మించకూడదు కనుక, మించినదాన్ని ఎడమ వైపు నుంచి కత్తిరించమని నియమం. ఈ వసతి వాడేవాళ్లు తక్కువే, వాడినవాళ్లలో కొత్త నంబరుతో పరీక్షించి చూసినవాళ్లు ఇంకా తక్కువని నా అనుమానం.

టీ.నగర్ కుర్రాడికి ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే మొదటి సలహా: పోస్ట్‌ఫిక్స్‌లో ఒక లైను మార్చి, కొత్త దారిని పూర్తిగా మూసేయడం. పండగ ముందురోజు రాత్రి అయితే నేనూ అదే చేయమంటాను. మర్నాడు మాత్రం కూర్చుని కొత్త నంబరుకు పీటీఆర్ పెట్టించి, దాన్ని 'ఐపీ6' కింద 128 కొలతతో చేర్చి, దారి మళ్లీ తెరవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమాలు బిగిశాయి. ఎంత చిన్నవాళ్లైనా ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి; రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు రెండూ ఉండాలి, డీమార్క్ కూడా ఉండాలి. డీకిమ్ నంబర్ల జోలికే పోదు, ఉత్తరం మీద సంతకం చూస్తుంది. నంబర్ల తికమకలో ఉత్తరాన్ని ఆదుకునేది చాలాసార్లు అదే.

ఎవరికి వారు చూసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఏదైనా ఉత్తరానికి కుడి పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, అసలు రూపం చూపమనండి. పైనే ఎస్పీఎఫ్ ఫలితం, దాని పక్కన తలుపు తట్టిన యంత్రం నంబరు ఉంటాయి. నంబరులో చుక్కలుంటే పాత దారిన వచ్చింది, కోలన్లుంటే కొత్త దారిన వచ్చింది. మీ సంస్థ నుంచి మీకే ఒక పది పరీక్ష ఉత్తరాలు పంపుకుని చూడండి. చుక్కల దగ్గర 'పాస్', కోలన్ల దగ్గర 'సాఫ్ట్‌ఫెయిల్' కనిపిస్తే, మీ జాబితాలో కొత్త నంబరు ఇంకా ఎక్కలేదు.